జీన్ ఆంటీ మట్టి ఇల్లు

మొన్న శనివారం మా ఫ్రెండ్ లత ఇంటికొచ్చింది. వంటింటి కిటికీలో ఉన్న కరివేపాకు మొక్క చూసి, "ఏంటే, ఇంత బాగా ఎదిగింది? ఓ రెండు రెబ్బలు పట్టుకెళ్తా" అంటూ చెయ్యి చాపింది.

"ఆగు, ముందు అడగాలి" అన్నాను.

"సరే, అడుగుతున్నా. తుంచుకోనా?"

"నన్ను కాదు, జీన్ ఆంటీని."

లత నా మొహంలోకి అదోలా చూసింది. మా పక్కింటి జీన్ ఆంటీ పోయి ఏడాది దాటిందని దానికీ తెలుసు. డ్యూటీలు ఎక్కువై నాకేదో అయ్యిందనుకున్నట్టుంది, టీ గబగబా తాగేసి లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర మా ఆయన్ని పట్టుకుని, "మాధవి బానే ఉందా అన్నయ్యగారూ?" అని అడిగిందట.

బానే ఉన్నాను. కానీ పోయిన దీపావళికి నేను చేసిన పని వింటే, బాగుండకపోయినా తప్పులేదంటారు మీరు. ఎలాగూ లత ఊరంతా చెప్తుంది కాబట్టి, నేనే చెప్పేస్తున్నాను. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను ఇక్కడ లీసెస్టర్లో ఓ హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. పొద్దున్న వెళ్లింది మొదలు లేబుళ్లు చదవడమే నా పని. పేషెంటు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా మందు నా చెయ్యి దాటదు. కొత్తగా చేరిన పిల్లలకి నేనిచ్చే ట్రైనింగులో మొట్టమొదటి మాట, "లేబుల్ చివరిదాకా చదవండి." ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇక జీన్ ఆంటీ. మా ఇళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మా హాలు గోడకి అటువైపు వాళ్ల హాలు. ఎనిమిదేళ్ల కిందట మేం ఈ ఇంట్లో దిగిన వారం, ఏ చెత్త బిన్ను ఏ రోజు బయట పెట్టాలో తెలీక మా ఆయన మూడూ ఒకేసారి వరసగా నిలబెట్టేశారు. అప్పుడు ఈవిడ చెప్పులేసుకుని వచ్చి, ఓ కాగితం మీద గళ్లు గీసి మరీ రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. నాకూ మా ఆయనకీ డ్యూటీలు ఒకేసారి పడిన రోజుల్లో మా సహస్రని స్కూల్నించి తీసుకొచ్చి, టోస్ట్ పెట్టి, కూర్చోబెట్టుకుని కథలు చెప్పింది కూడా ఆవిడే. ఆ కథలు రాజూ ఏడుగురు కొడుకుల కథలు కావు. అన్నీ ఈజిప్టువి. ఆవిడ టౌన్లో ఓ చిన్న మ్యూజియంలో వాలంటీరు. ఏటా మా సహస్ర వాళ్ల స్కూలుకెళ్లి, పిల్లలకి మమ్మీల గురించీ సమాధుల గురించీ చెప్పొచ్చేది. మా పిల్ల ఐదేళ్లప్పుడు, అన్నం తింటూ తింటూ, మమ్మీ చేసేటప్పుడు ముక్కులోంచి మెదడు ఎలా లాగేస్తారో నాకు ఇంగ్లిష్‌లో వివరించింది. ఆ పూట నాకు పెరుగన్నం దిగలేదు.

ఇంటి వెనక షెడ్డులో జీన్ ఆంటీ మట్టితో బొమ్మలు చేసేది. జబ్బు చేసిన తర్వాత కూడా మానలేదు. ఒకటికి రెండుసార్లు కంచె మీంచి పిలిచింది. "మాధవీ, ఓ ఇల్లు కడుతున్నా, చూడ్డానికి రా" అని. ఒకసారి నాకు లేట్ షిఫ్టు. రెండోసారి ఏం పనో గుర్తు కూడా లేదు, "వీకెండ్ తప్పకుండా వస్తా" అన్నాను. ఎన్ని వీకెండ్లు వెళ్లిపోయాయో లెక్క పెట్టుకోలేదు. ఆ శీతాకాలంలో ఆవిడ పోయింది.

అప్పుడు ఒక్కసారి కంచె దాటి వెళ్లి చూసొచ్చి ఉంటే, ఇప్పుడు మీకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

సరే, దీపావళికొద్దాం. పండగ ఆదివారం వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఇంకో రెండు తెలుగు ఫ్యామిలీలనీ, జీన్ ఆంటీ భర్త రాన్ అంకుల్‌నీ పిలిచాం. ఆంటీ ఉన్నప్పుడు ఇద్దరూ ఏటా వచ్చేవాళ్లు. ఆవిడ నేనిచ్చిన పట్టు స్కార్ఫ్ కప్పుకుని, కాకరపువ్వొత్తిని చెయ్యి బారెడు దూరం చాపి పట్టుకుని కళ్లు మూసుకునేది. ఈసారి ఆయన ఒక్కరే. రారేమో అనుకున్నాను. సహస్ర వెళ్లి పిలిస్తే, "టై కట్టుకుని వస్తా" అన్నారట. అందుకే ఈ దీపావళి ఎక్కడా తేడా రాకూడదని నా పట్టుదల. నాకు పట్టుదల వచ్చిన రోజున ఇంట్లోవాళ్లు నాకు ఎదురుపడరు.

శనివారం సాయంత్రం నేను పూర్ణాలకి పప్పు రుబ్బుతున్నాను. మిక్సీ మోతలో సహస్ర ఓ అట్టపెట్టె పట్టుకొచ్చి నా వెనక నిలబడి ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. నేను "ఊఁ" అన్నాను. మళ్లీ ఏదో అడిగింది. మళ్లీ "ఊఁ" అన్నాను. దానికి తొమ్మిదేళ్లు. నా "ఊఁ"కి అర్థం లేదని దానికి ఏడాది నిండినప్పట్నుంచీ తెలుసు. అందుకే అది చీటీలు రాయడం మొదలెట్టింది. గులాబీ రంగు చీటీలు. పెన్సిల్ బాక్స్ మీద "డూ నాట్ టచ్". స్లైమ్ డబ్బా మీద "డూ నాట్ టచ్". ఓసారి సగం కొరికిన ఆపిల్ మీద కూడా అదే చీటీ. ఇంటినిండా అవే ఉంటే ఎన్నని చదువుతాం?

ఆదివారం పొద్దున్న హాలు తుడుస్తుంటే డైనింగ్ టేబుల్ మీద కనపడింది. అట్టపెట్టె మూతలో ఓ మట్టి ఇల్లు. అన్నం పళ్లెమంత ఉంటుంది. వెనకవైపు రెండు గదులు, ముందు రెండు స్తంభాలు, పక్కనుంచి డాబా పైకి మెట్లు. ఇంటి ముందు చుట్టూ పిట్టగోడలాంటి అంచుతో ఓ వాకిలి. వాకిట్లో ఏవేవో చిన్న చిన్న ముద్దలు, ఓ టీపాట్, పడుకున్న పిల్లి, రెండు బుల్లి కప్పులు. వాకిలి అంచున నీళ్లు పోవడానికన్నట్టు ఓ చిన్న మూతి. నా కంటికేం కనపడిందో చెప్పనా? రెండు ప్రమిదలు, ఒలికిన నూనె జారిపోవడానికి దారి. మా అమ్మాయి స్కూల్లో ఇచ్చిన మట్టితో, రాన్ అంకుల్ షెడ్డులో కూర్చుని నాకు తెలీకుండా దీపాల ఇల్లు చేసిందన్నమాట.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంగ్లండ్‌లో పుట్టి, నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్ల, పండక్కి అమ్మకోసం ప్రమిదలు చేసిందే అని. స్తంభానికి గులాబీ చీటీ అంటించి ఉంది. "డూ నాట్ టచ్" అని పెద్ద అక్షరాలు. కింద పెన్సిల్‌తో ఇంకేదో రాసి ఉంది. సర్‌ప్రైజ్ కదా, అందుకే ముట్టుకోవద్దంది అని నవ్వుకుని, చీటీ తీసి ఫ్రిజ్‌కి అంటించాను. చదవడం రెండో లైను దాకా వెళ్లలేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. కొత్త ప్రమిదలు తెచ్చుకుంటే మొట్టమొదట ఏం చేస్తాం? నీళ్లలో నానేస్తాం. లేకపోతే పోసిన నూనెంతా అవే తాగేస్తాయి. మా అమ్మ అదే చేసేది, వాళ్లమ్మ అదే చేసేది. మన కొట్లుండే బెల్‌గ్రేవ్ రోడ్డులో కొన్న ఇరవయ్యొక్క ప్రమిదల్ని సహస్ర చిన్నప్పటి స్నానం టబ్బులో వేసి, నిండా నీళ్లు పోశాను. వాటి మధ్యలో, పసిపిల్లకి స్నానం చేయించేటంత జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకుని, ఇంటిని దించాను.

బుసబుసమని బుడగలు వచ్చాయి. కొత్త మట్టి నీళ్లు తాగేటప్పుడు వస్తాయే, అవే. పక్కనున్న ప్రమిదలకన్నా ఇదే ఎక్కువ బుడగలు వదిలింది. "మంచి మట్టి" అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకే అన్నాను. మా ఆయన వినేలా.

బూర్లు వేయించి, పులిహోర కలిపి, మళ్లీ టబ్బు దగ్గరకి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. చూస్తే ఇరవయ్యొక్క ప్రమిదలూ ఉన్నాయి. ఇల్లు లేదు. నీళ్లు మాత్రం జావలా చిక్కగా ఉన్నాయి.

"ఏవండీ, టబ్బులోంచి ఇల్లు తీశారా?"

మా ఆయన ప్రసాద్ హాల్లో సీరియల్ లైట్లు చిక్కు విప్పుకుంటున్నారు. "టబ్బులో ఇల్లేంటి?" అన్నారు.

"మట్టిది. సహస్ర చేసింది. మీరే తీసి ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు."

"నేను పొద్దున్నుంచి ఈ వైరు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు మాధవీ."

నేను నమ్మలేదు. మా ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ముద్దాయి ఆయనే. పదినిమిషాలు వెతికించాను. గ్యారేజీలో కూడా. ఆ తర్వాత టబ్బులో చెయ్యి పెట్టి చూస్తే, అడుగున మెత్తగా బురద. వేలికి ఓ చిన్న ఉండ తగిలింది. అలా పైకి తీస్తుండగానే అది కూడా కరిగిపోయింది. పిల్లి తలకాయ అనుకుంటాను.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అనుకున్నారు? స్కూలు మీద. పిల్లలకి ఇలాంటి నాసిరకం మట్టి ఇస్తారా అని. సరే, పిల్ల కిందకొచ్చేలోపు ఈ బురద వదిలించుకుందామని పైనున్న చిక్కటి నీళ్లని చెంబుతో తోడి కరివేపాకు కుండీలో పోశాను. మట్టి మొక్కకి మంచిదే కదా అని. ఏదీ వృథా చెయ్యకూడదన్నది నా పద్ధతి. ఆ కుండీ పట్టినంత పోశాను.

అప్పుడు దిగింది సహస్ర మెట్లు. టేబుల్ వైపు చూసింది. నా చేతిలో చెంబు చూసింది. టబ్బు చూసింది.

"మమ్, వేర్ ఈజ్ జీన్స్ హౌస్?"

ఎవరి ఇల్లు అన్నానా, అది ఫ్రిజ్ దగ్గరకెళ్లి, నేను అంటించిన చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "డూ నాట్ టచ్" కింద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో మూడు లైన్లు. ఇది జీన్ చేసింది. దీన్ని బట్టీలో కాల్చలేదు. తడి తగలకూడదు. నేను మా డిపార్ట్‌మెంట్‌లో పిల్లలకి నేర్పే పద్ధతిలోనే రాసింది. పేరు, వివరం, హెచ్చరిక.

"ఐ రోట్ ఇట్ డౌన్, మమ్" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తర్వాత ఏడుస్తూ, ఎక్కిళ్ల మధ్య, ముందురోజు మిక్సీ మోతలో చెప్పిందంతా మళ్లీ చెప్పింది. దాన్ని సోల్ హౌస్, అంటే ఆత్మ ఉండే ఇల్లు, అంటారట. నాలుగువేల ఏళ్ల కిందట ఈజిప్టులో, రాజుల్లాగా సమాధిలో గదులు కట్టించుకోలేనివాళ్లు, ఇలాంటి మట్టి ఇల్లు చేయించి సమాధి మీద పెట్టేవాళ్లట. పోయినవాళ్లకి ఉండటానికి ఇల్లు. వాకిట్లో ఆ ముద్దలు రొట్టెలు, మాంసం, వాళ్లు తినడానికి. పైనుంచి నీళ్లు పోస్తే ఆ మూతిలోంచి జారతాయి, వాళ్లు తాగడానికి. జీన్ ఆంటీ మ్యూజియంలో అద్దం వెనకున్న అసలుదాన్ని ఏళ్ల తరబడి తుడిచి, చివరికి తనకి కూడా ఒకటి చేసుకుంది. అసలుదాంట్లో ఉండే ఎద్దు తలకాయ బదులు టీపాట్, వాళ్ల పిల్లి, ఇద్దరికీ రెండు కప్పులు. ఆరబెట్టింది, కాల్చే లోపు పోయింది. రాన్ అంకుల్‌కి దాన్ని బట్టీకి పంపడానికి మనసు రాలేదు. అక్కడ పగిలిపోతుందేమోనని భయం. వసంతంలో ఆవిడ చితాభస్మం చర్చి పక్కన పాతిపెట్టేటప్పుడు పైన పెడదామని దాచుకున్నారు. సోమవారం స్కూల్లో ఈజిప్ట్ డే. ఏటా ఆంటీ వచ్చేది, ఈసారి ఆవిడ రాలేదు కాబట్టి ఆవిడ ఇల్లయినా వెళ్లనీ అని సహస్ర అడిగితే ఇచ్చారు.

ఇదంతా విన్నాక నా మనసులోకి మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తాను. అబద్ధం ఎందుకు? "హమ్మయ్య, సమాధి మీద పెట్టేదాన్ని పండగపూట లక్ష్మీదేవి ముందు పెట్టలేదు" అనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

టైము చూస్తే రెండున్నర. ఐదింటికి ఆయన టై కట్టుకుని వస్తారు.

మా ఆయన ఇంజనీరు. ఇలాంటప్పుడే ఆయనకి ఐడియాలొస్తాయి. "మట్టి మట్టే కదా, మళ్లీ చేసేద్దాం, ఫోన్లో ఫొటో ఉంది" అన్నారు. ఫొటో సహస్ర తీసింది. అందులో ఇల్లు సగమే ఉంది, మిగతా సగం సహస్ర మొహం. అయినా మొదలెట్టాం. అడుగున మిగిలిన బురదని పాత చీరలో వేసి పిండాను, పెరుగు వడకట్టినట్టు. చపాతీ పీట మీద వేసి ఒత్తాను. గోడలు నిలబెడితే పడుకున్నాయి. మా ఆయన హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నారు. గోడ ఒకవైపు ఎండి బీటలిచ్చింది, రెండోవైపు జారింది. నలభై నిమిషాలు కష్టపడి నేను కట్టింది ఏమిటయ్యా అంటే, మూత సరిగ్గా పడని ఇడ్లీపాత్ర. దాని ముందు పిల్లిని కూడా చేశాను. అది పిల్లి అని నేను చెప్తే తప్ప తెలీదు.

సహస్ర గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. కళ్లు తుడుచుకుంది. "మమ్, స్టాప్. జస్ట్ టెల్ హిమ్" అంది. "యూ. నాట్ డాడ్" అని కూడా అంది. నేను మనసులో ప్రసాద్‌ని పంపుదామనుకుంటున్న సంగతి దానికెలా తెలిసిందో.

కచ్చితంగా ఐదింటికి బెల్లు మోగింది. మిగతావాళ్లు ఇంకా రాలేదు, మనవాళ్లు ఐదంటే ఆరున్నర. తలుపు తీస్తే రాన్ అంకుల్. నీలం టై. ఒక చేతిలో చాక్లెట్ డబ్బా. రెండో చేతిలో, మడతపెట్టి, నేనిచ్చిన ఆంటీ పట్టు స్కార్ఫ్. "ఇది కూడా వస్తానంది" అన్నారు నవ్వుతూ.

అక్కడే, గుమ్మంలోనే చెప్పేశాను. ఇంగ్లిష్‌లో చెప్పాలనుకుని రెండు సార్లు తెలుగులో చెప్పాను, మళ్లీ ఇంగ్లిష్‌లో మొదలెట్టాను. ప్రమిదలు, నూనె, నానెయ్యడం, చీటీ, అంతా.

"చూపించు" అన్నారు.

వంటింట్లోకి తీసుకెళ్లాను. నా ఇడ్లీపాత్రని చూశారు. నవ్వలేదు. టబ్బులో మిగిలిన బురదలో చెయ్యి పెట్టి వేళ్ల మధ్య రాశారు. చొక్కా కఫ్ తడిసినా పట్టించుకోలేదు.

"రొట్టెల మీద జీన్ బొటనవేలి గుర్తులుండేవి" అన్నారు. "చివర్లో చెయ్యి వణికేది. అందుకే ఒకటి వంకరగా వచ్చింది. అది పారేస్తానంటే నేనే ఉంచమన్నాను."

నేను సారీ అన్నాను. ఎన్నిసార్లన్నానో. ఆయన ఫర్వాలేదు అనలేదు. ఇక్కడివాళ్లు కాలు తొక్కినా వాళ్లే సారీ చెప్తారు. ఆయన ఆ మాట అనకపోవడంతోనే నాకు తెలిసింది, ఎంత పోయిందో.

"కొంచెం మట్టే మిగిలిందే" అన్నారు చివరికి.

అప్పుడు కరివేపాకు కుండీ చూపించాను. ఆయన కుండీ వైపు చూశారు. "అక్కడ పోశావా?" అన్నారు. తర్వాత, "సరే, జీన్ నీళ్లయితే తాగింది" అన్నారు. అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. టబ్బూ పీటా అలాగే కావాలన్నారు. ప్రసాద్ మోసుకెళ్లి వాళ్ల షెడ్డులో పెట్టారు. ఆయన పండక్కి ఉండలేదు. చాక్లెట్ డబ్బా బల్ల మీద పెట్టి, స్కార్ఫ్ పట్టుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మేం దీపాలు వెలిగించాం. ఇరవయ్యొక్క ప్రమిదలూ చక్కగా నానాయి, చుక్క నూనె తాగలేదు. బూర్లు మాత్రం నేను ముట్టుకోలేదు.

సోమవారం సహస్ర ఖాళీ అట్టపెట్టె మూత పట్టుకుని స్కూలుకి వెళ్లింది. ఇల్లు ఎలా ఉండేదో నోటితోనే చెప్పిందట. టీచర్ ఎలా పాడైందని అడిగితే, "ఇట్ గాట్ వెట్" అందట. నా పేరు ఎత్తలేదు. ఆ పూట దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చాను.

తర్వాత మూడు వారాలు రాన్ అంకుల్ కంచె దగ్గరకి రాలేదు. నేను పులిహోరా, సాంబారన్నం, క్యారెట్ హల్వా పట్టుకెళ్లేదాన్ని. తలుపు తీసి, థ్యాంక్యూ చెప్పి తీసుకునేవాళ్లు. మర్నాడు డబ్బా తళతళలాడేలా కడిగి మా గుమ్మంలో పెట్టేవాళ్లు. లోపలికి రమ్మనేవాళ్లు కాదు. రోజూ ఆ ఖాళీ డబ్బా తీసుకున్నప్పుడల్లా, ఆంటీ కంచె మీంచి పిలిచిన రెండుసార్లూ గుర్తొచ్చేవి. పిలిచినప్పుడు వెళ్లలేదు, ఇప్పుడు పిలవకుండా వెళ్తున్నాను.

నాలుగో వారంలో ఆయనే బెల్లు కొట్టారు. నన్ను దాటుకుని సహస్రని అడిగారు. "మట్టి పనికొచ్చేలా అయింది. కాల్చలేదు కదా, ఆరనిస్తే మళ్లీ మామూలు మట్టే. గోడలు నేను చేస్తా. రొట్టెలు మాత్రం నా వల్ల కాదు, నా వేళ్లు లావు. జీన్‌వి చిన్న వేళ్లు." మా పిల్ల చేతులు చాపి చూపించింది. ఆయన తలూపారు.

నాలుగు ఆదివారాలు ఇద్దరూ ఆ షెడ్డులో కూర్చున్నారు. మట్టి తగ్గింది. తగ్గిన మట్టి ఎక్కడికెళ్లిందో అందరికీ తెలుసు. కాబట్టి ఇల్లు చిన్నదయింది. ఏది మానెయ్యాలా అని వాళ్లిద్దరూ పెద్ద చర్చ పెట్టుకున్నారట. కప్పులు రెండూ ఉండాలన్నారు ఆయన. పిల్లి ఉండాలంది సహస్ర. చివరికి మెట్లు తీసేశారు. "ఎలాగూ జీన్‌కి మోకాళ్ల నొప్పులు" అన్నారట రాన్ అంకుల్. ఈసారి బట్టీకి పంపారు. పగల్లేదు, ఎర్రగా వచ్చింది.

పూర్తయ్యాక నన్ను పిలిచారు. పిలవగానే, స్టవ్ మీద పాలు కూడా దించకుండా పరిగెత్తాను. పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి. వాళ్ల హాల్లో కిటికీ గట్టు మీద పెట్టారు ఇంటిని. వాకిట్లో టీపాట్, పిల్లి, రెండు కప్పులు, చిన్న చిన్న రొట్టెలు. రొట్టెల మీద మా అమ్మాయి వేలి గుర్తులు. ఒకటి వంకరగా ఉంది. కావాలనే అలా చేసిందట. నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. స్తంభానికి గులాబీ చీటీ ఉంది. "మాధవీ, డూ నాట్ టచ్" అని. ఆ రాత సహస్రది కాదు, ఆయనది. ఈసారి చివరిదాకా చదివాను. కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైనుంది. టీ పెడుతున్నా, కూర్చో, అని.

కూర్చున్నాను. ఆ ఇంట్లో కూర్చుని టీ తాగడం, ఆంటీ పోయాక అదే మొదటిసారి.

వచ్చే నెలలో చర్చి దగ్గరకి వెళ్లాలి, ఆవిణ్ణి ఆ మట్టి ఇంటి కింద పెట్టడానికి. నీళ్లు పోసే పని నాకిస్తారట. "ఈసారి కావాల్సినన్ని పొయ్యి" అన్నారు. ఇది జోకే. కళ్లు నవ్వాయి.

ఇక కరివేపాకు సంగతి. కుండీలో పోసిందాన్ని తవ్వి తీయమంటారా అని అడిగితే, వద్దు, అలాగే ఉండనీ అన్నారు. నాలుగేళ్లుగా ఎన్ని చేసినా నాలుగు రెబ్బలకి మించి వెయ్యని మొక్క. ఇప్పుడు కిటికీ నిండిపోయింది. దానికీ ఓ చీటీ అంటించింది మా అమ్మాయి. "ఆస్క్ జీన్ ఫస్ట్."

అందుకని రోజూ పోపు వేగుతుండగా కుండీ ముందు నిలబడి, "జీన్ ఆంటీ, ఒక్క రెబ్బ తీసుకోనా?" అని అడుగుతాను. కాసేపు ఆగుతాను కూడా. అక్కడ ఆవాలు మాడిపోతాయి. ఆవిడ ఇంతవరకూ ఎప్పుడూ వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. మాధవి చేతికి మళ్లీ ఏదైనా ఇవ్వొచ్చా లేదా అని ఆలోచిస్తున్నట్టుంది.